ఊరిని ప్రేమించిన గైడు

పిల్లలూ! మీరు ఎక్కడికైనా విహారయాత్రకు వెళ్ళినప్పుడు గైడును చూసే ఉంటారు. గోలకొండ కోటలోనో, తాజమహలు దగ్గరనో ఒకాయన మన వెంట నడుస్తూ, "ఇది ఫలానా రాజు కట్టించినది, దీని ఎత్తు ఇన్ని అడుగులు" అని చెబుతూ ఉంటాడు. రోజూ చెప్పినదే చెప్పవలసి రావటం చేత చాలామంది గైడులకు అది ఎక్కం అప్పగించినట్టు అయిపోతుంది. వినేవాళ్ళు కూడా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు.

అయితే ఇదే పని చేస్తూ, ఇవే వీధులలో రోజూ తిరుగుతూ, ప్రతిసారీ ఆ ఊరిని అప్పుడే కొత్తగా చూసినట్టు మురిసిపోయిన గైడు ఒకడున్నాడు. అతని పేరు తిమొతీ లెవిచ్. అందరూ "స్పీడ్" అని ముద్దుపేరుతో పిలుస్తారు. అతను మాట్లాడే వేగం చూస్తే ఆ పేరు అతనికి తగినదే అనిపిస్తుంది. అతని ఊరు అమెరికాలోని న్యూయార్కు మహానగరం. ఈ గైడును గురించి బెనెట్ మిల్లర్ అనే దర్శకుడు "ద క్రూజ్" అనే డాక్యుమెంటరీ చిత్రం తీశాడు. అది 1998లో విడుదలయింది. మిల్లర్ తీసిన మొదటి చిత్రం అదే. తరువాత ఆయన పెద్ద పెద్ద కథాచిత్రాలు తీసి పేరు పొందాడు.

డాక్యుమెంటరీ అంటే ఏమిటో మీలో కొందరికి తెలియకపోవచ్చు. మామూలు సినిమాలో కథ రాస్తారు, వేషాలు వేస్తారు, సెట్టింగులు కడతారు. డాక్యుమెంటరీలో ఇవేవీ ఉండవు. నిజంగా ఉన్న మనుషులను, నిజంగా జరిగే పనులను కెమేరాతో పట్టి చూపిస్తారు. మిల్లర్ వెంట పెద్ద పరివారం కూడా లేదు. చేతిలో ఇమిడే చిన్న వీడియో కెమేరా పుచ్చుకుని, ఆ గైడు ఎక్కడికి పోతే అక్కడికి తానూ పోయి, అతను చెప్పే మాటలన్నీ పట్టాడు. తరువాత అందులో మంచివి ఏరి గుదిగుచ్చాడు. చిత్రం రంగులలో కాక నలుపు తెలుపులలో ఉంటుంది. గంటంబావు సేపు నడుస్తుంది. ఇది పెద్దల కోసం తీసినది. కొన్ని సంభాషణలు మీ వయసుకు తగినవి కావు. కనుక పెద్దయిన తరువాత చూద్దురుగాని. అందులోని మంచి సంగతులు మాత్రం ఇప్పుడు నేను చెబుతాను.

రెండంతస్తుల బస్సు మీద

న్యూయార్కులో గైడు కావాలంటే ఊరికే అయిపోరు. నగరపాలకులు పెట్టే పరీక్ష ప్యాసై లైసెన్సు పొందాలి. యాత్రికులను తిప్పటానికి అక్కడ రెండంతస్తుల బస్సులున్నాయి. పై అంతస్తుకు కప్పు ఉండదు. యాత్రికులు పైన కూర్చుంటారు. గైడు మైకు పుచ్చుకుని ముందు భాగాన నిలబడి దారి పొడుగునా విశేషాలు చెబుతాడు.

మన లెవిచ్ కూడా అలాంటి బస్సు మీదనే పనిచేసేవాడు. వంకుల జుట్టు, కీచుగొంతు, కళ్ళజోడు. నోరు తెరిచాడంటే మాటల ప్రవాహమే! ఏ రచయిత ఏ వీధిలో నివసించాడో, ఏ మేడను ఎవరు కట్టారో తడుముకోకుండా చెబుతాడు. ఇది తెలివైన గైడులందరూ చేసే పనే. కాని లెవిచ్ ఇంకొకటి చేస్తాడు. మేడలను, బొమ్మలను చూపించినట్టే ఆకాశంలో ఉన్న సూర్యుణ్ణి కూడా చూపించి, ఇది కూడా మా ఊళ్ళో చూడదగిన విశేషమే అంటాడు!

యాత్రికులు నవ్వుతారు. మీరూ నవ్వి ఉంటారు. కాని కొంచెం ఆలోచించండి. వేల మైళ్ళు ప్రయాణం చేసి వచ్చిన ఆ యాత్రికులలో ఎంతమంది ఆ రోజున తల ఎత్తి ఆకాశం చూసి ఉంటారు? ఉపాధ్యాయ శిక్షణలో మాకు ఒక సూత్రం నేర్పేవారు. తెలిసిన విషయంతో ప్రారంభించి పిల్లలను తెలియని విషయానికి తీసుకుపోవాలని దాని భావం. లెవిచ్ ఆ సూత్రాన్ని తలక్రిందులు చేశాడు. అందరికీ తెలిసిన దానినే పట్టుకుని, "ఇది మీకు నిజంగా తెలుసునా?" అని అడుగుతాడు. ముప్ఫయి ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన నాకు ఈ పద్ధతి చూస్తే ముచ్చటవేసింది.

మరి ఇంత తెలిసినవాడు బాగా సంపాదించి ఉంటాడని మీరనుకోవచ్చు. అదేమీ లేదు. చిత్రం తీసే నాటికి అతనికి సొంత ఇల్లు కూడా లేదు. కొన్నాళ్ళు ఒక స్నేహితుడి ఇంట, కొన్నాళ్ళు మరొకరి ఇంట తలదాచుకునేవాడు. ఊళ్ళో తనదంటూ ఒక్క గది లేనివాడు ఊరంతా తనదే అన్నట్టు మాట్లాడుతుంటే చూసేవారికి మొదట నవ్వు వస్తుంది. తరువాత ఆ నవ్వు తగ్గిపోతుంది. ఇల్లు కొనుక్కున్నవాడికి ఆ ఇల్లు మాత్రమే సొంతం. ఊరిని తెలుసుకున్నవాడికి ఊరంతా ఏదో ఒక విధంగా సొంతమవుతుంది.

"క్రూజ్" అంటే ఓడలో షికారు వెళ్ళటం. లెవిచ్ ఈ మాటను ఇంకా విశాలమైన అర్థంలో వాడతాడు. తొందర లేకుండా, కళ్ళూ మనసూ తెరుచుకుని, ఎదురైనదాన్నల్లా చూసి సంతోషిస్తూ బతకటమే అతని దృష్టిలో షికారు. అందుకు అడ్డుపడేదల్లా అతనికి శత్రువే. ఆ శత్రువులలో ఒకటి ఏమిటో తెలుసా? న్యూయార్కు వీధులు!

గళ్ళ నగరం

న్యూయార్కు నగరంలో అయిదు భాగాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది మన్‌హాటన్ అనే దీవి. పొడవు సుమారు 13 మైళ్ళు. ఎక్కువ వెడల్పు ఉన్న చోట కూడా రెండు మైళ్ళకు కొంచెం పైన. మొదట డచ్చివారు ఈ దీవి దక్షిణపు కొసన చిన్న ఊరు కట్టి "న్యూ ఆమ్‌స్టర్‌డాం" అని పేరు పెట్టారు. 1653లో వాళ్ళు ఊరికి ఉత్తరాన ఒక గోడ కట్టారు. ఆ గోడ ఎప్పుడో పోయింది. కాని అక్కడి వీధి పేరు నేటికీ "గోడ వీధి" అనే అర్థం వచ్చే వాల్ స్ట్రీటే. 1664లో ఇంగ్లీషువారు ఆ ఊరిని పట్టుకుని న్యూయార్కు అని పేరు మార్చారు.

1811వ సంవత్సరంలో నగరానికి ఒక పథకం తయారయింది. అప్పటికి ఊరి జనాభా సుమారు లక్ష. ఊరు దీవి కొసన మాత్రమే ఉండేది. మిగిలినదంతా పొలాలు, గుట్టలు, వాగులు. అయినా పథకం వేసినవారు ముందుచూపుతో, ఆ పొలాల మీద, గుట్టల మీద కాగితంలో గీతలు గీశారు. ఉత్తర దక్షిణాలుగా 12 పెద్ద రోడ్లు, వాటికి అడ్డంగా 155 వీధులు. చదరంగపు బల్ల మీద గళ్ళలాగా ఊరంతా గళ్ళు! వీధులకు పేర్లు కూడా లేవు, అంకెలే. జాన్ రాండెల్ అనే సర్వేయరు ఈ గీతలను నేల మీద గుర్తించటానికి వెళితే, పొలాలవాళ్ళు అతని గుర్తులు పీకి పారేశారు, కుక్కలను ఉసికొల్పి తరిమారు. అయినా అతను పట్టువిడవకుండా పని పూర్తి చేశాడు.

లెవిచ్‌కు ఈ గళ్ళంటే సరిపడదు. మనిషి నడక వంకరలు తిరుగుతుంది, మనసు వంకరలు తిరుగుతుంది, వీధులు మాత్రం గీత గీసినట్టు ఎందుకుండాలి అని చిత్రంలో మండిపడతాడు. ఊహలేనివాళ్ళు చేసిన పని అని అతని అభిప్రాయం.

ఈ మాటలో నిజం లేకపోలేదు. కాని రెండోవైపు కూడా చూడాలి. గళ్ళ నగరంలో ఎంత కొత్తవాడయినా దారి తప్పడు. ఎంపైర్ స్టేట్ భవనం అయిదవ రోడ్డూ 34వ వీధీ కలిసే చోట ఉన్నది. మీరు 54వ వీధిలో నిలబడి ఉంటే, ఇరవై వీధులు దక్షిణానికి నడిస్తే చాలు. ఇరవై వీధులు సుమారు ఒక మైలు. భాష రాకపోయినా, అంకెలు వస్తే ఆ ఊళ్ళో తిరగవచ్చు. కట్టుబట్టలతో ఓడ దిగిన లక్షలాది పరదేశులకు అది ఎంత సాయమో ఆలోచించండి.

పైగా ఆ గళ్ళ వల్లనే ఏటా రెండుసార్లు ఒక వింత జరుగుతుంది. మన్‌హాటన్ అడ్డవీధులు సరిగ్గా తూర్పు పడమరలుగా లేవు. పడమటి కొస సుమారు 29 డిగ్రీలు ఉత్తరానికి తిరిగి ఉన్నది. సూర్యుడు కూడా ఏడాది పొడుగునా ఒకే చోట అస్తమించడని మీరు చదువుకున్నారు. వేసవిలో అస్తమించే చోటు రోజురోజుకూ ఉత్తరానికి జరిగి, జూన్ 21 తరువాత మళ్ళీ వెనక్కు తిరుగుతుంది. పోయేటప్పుడు ఒకసారి, అంటే మే నెలాఖరున, వచ్చేటప్పుడు ఒకసారి, అంటే జూలై నడుమ, సూర్యుడు సరిగ్గా వీధి కొసన దిగుతాడు. రెండువైపులా ఆకాశాన్నంటే మేడలు, నడుమ ఎర్రని సూర్యబింబం! జనం రోడ్ల మీద గుమిగూడి చూస్తారు. గీతలు గీసినవారు ఈ వింత కోసం గీయలేదు. అయినా ఊరు ఇచ్చింది. సూర్యుణ్ణి కూడా ఊరి విశేషాలలో చేర్చిన లెవిచ్ మాట ఇక్కడ నిజమయింది చూశారా?

గళ్ళకు లొంగని రోడ్డు కూడా ఒకటున్నది. దాని పేరు బ్రాడ్‌వే. తెల్లవాళ్ళు రాక పూర్వమే అక్కడి ఆదివాసులు నడిచిన కాలిబాట వెంట ఏర్పడిన రోడ్డు అది. గళ్ళన్నిటినీ ఏటవాలుగా కోసుకుంటూ పోతుంది. అది పెద్దరోడ్లను దాటే చోట్ల మూడు మూలల స్థలాలు మిగిలాయి. అలాంటి ఒక స్థలంలో 1902లో ఒక మేడ కట్టారు. దాని ముందు భాగం ఓడ ముక్కులాగా సన్నగా, ఆరున్నర అడుగుల వెడల్పు మాత్రమే ఉంటుంది. అది అచ్చం ఇస్త్రీపెట్టెలాగా ఉన్నదని జనం "ఫ్లాటయర్న్", అంటే ఇస్త్రీపెట్టె మేడ అని పేరు పెట్టారు!

లెవిచ్ మేడల గోడలను కూడా చేతితో నిమిరి చూస్తాడు. న్యూయార్కు పాత ఆకాశహర్మ్యాలలో చాలా వాటికి పైన తొడిగినది టెర్రకోటా, అనగా కాల్చిన మట్టి. బరువంతా లోపలి ఉక్కు చట్రం మోస్తుంది. పైన ఉన్న మట్టిపలకలు తేలికగా ఉంటాయి, నిప్పుకు చెడవు, అచ్చులో పోసి పూలూ లతలూ ఎన్నయినా తీర్చవచ్చు. 1913లో కట్టిన ఊల్‌వర్త్ భవనం 792 అడుగుల ఎత్తున, అప్పటికి లోకంలోని మేడలన్నిటిలోకీ ఎత్తయినది. దాని ఒంటి నిండా ఈ మట్టి నగిషీయే. మన కుమ్మరి ఆవంలో కాలే మట్టి, ఆ మేడ మీద పూవులా పూసిన మట్టి ఒక జాతివే!

వంతెన మీద

చిత్రంలో ఒక ఘట్టం బ్రూక్లిన్ వంతెన మీద జరుగుతుంది. లెవిచ్‌కు ఆ వంతెన ప్రాణం. మన్‌హాటన్‌కూ బ్రూక్లిన్‌కూ నడుమ ఉన్న నీటి మీద 1883వ సంవత్సరం మే 24వ తేదీన దీనిని తెరిచారు. రెండు రాతి గోపురాల నడుమ దూరం 1,595 అడుగులు. అంత మేర కింద ఒక్క స్తంభం కూడా లేదు. ఉక్కుతాళ్ళ మీద వేలాడుతూ ఉంటుంది.

ఆ వంతెన ఎవరి కష్టంతో నిలబడిందో తెలిస్తే మీకు కూడా దాని మీద ప్రేమ కలుగుతుంది. దీనికి రూపం కల్పించినవాడు జాన్ రోబ్లింగ్ అనే ఇంజనీరు. 1869లో ఒడ్డున నిలబడి కొలతలు తీసుకుంటూండగా పడవ వచ్చి తగిలి ఆయన కాలు నలిగిపోయింది. ధనుర్వాతం సోకి కొన్నాళ్ళకే చనిపోయాడు. పని ఆయన కొడుకు వాషింగ్టన్ రోబ్లింగ్ మీద పడింది.

నీటి అడుగున గోపురాలకు పునాదులు వేయటం ఎలా? ఒక గ్లాసు లోపల అడుగున కాగితం ఉండ కుక్కి, గ్లాసును బోర్లించి, నిటారుగా బకెట్టు నీళ్ళలో ముంచి చూడండి. కాగితం తడవదు. లోపల ఉన్న గాలి నీటిని రానివ్వదు. ఈ ఉపాయమే వాళ్ళూ పన్నారు. 168 అడుగుల పొడవు, 102 అడుగుల వెడల్పు గల కొయ్యపెట్టెను బోర్లించి నది అడుగుకు దించారు. నీళ్ళు చొరకుండా పంపులతో లోపలికి గాలి కొట్టారు. కూలీలు అందులోకి దిగి, దీపాల వెలుగులో మట్టి తవ్వుతూ ఉంటే పెట్టె కిందికి దిగుతూ వచ్చింది. పైన రాతికట్టడం పెరుగుతూ వచ్చింది. మన్‌హాటన్ వైపు ఇలా 78 అడుగుల లోతుకు పోయారు.

అక్కడ కూలీలకు ఒక వింత వ్యాధి పట్టుకుంది. పని ముగించి పైకి వచ్చిన కూలీలు కీళ్ళు పట్టేసి మెలికలు తిరిగిపోయేవారు. కొందరు చనిపోయారు. కారణం అప్పుడు సరిగా తెలియదు. ఇప్పుడు మనకు తెలుసు. గోలీసోడా బుడ్డి చూశారు గదా? మూత ఉన్నంతసేపూ అందులోని వాయువు నీళ్ళలో కరిగి కనపడకుండా ఉంటుంది. గోలీ నొక్కగానే ఒత్తిడి తగ్గి బుసబుసా బుడగలు వస్తాయి. పెట్టెలో గాలి ఒత్తిడి ఎక్కువ కనుక కూలీల రక్తంలో నత్రజని ఎక్కువగా కరిగేది. తొందరగా పైకి వచ్చేసరికి అది బుడగలుగా మారి నరాలను, కీళ్ళను బాధించేది. నెమ్మదిగా, అంచెలంచెలుగా పైకి వస్తే ఈ ప్రమాదం చాలా తగ్గుతుంది. నేడు సముద్రంలో మునిగే గజఈతగాళ్ళు ఈ నియమమే పాటిస్తారు.

వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా తరచు ఆ పెట్టెలోకి దిగటం చేత ఈ వ్యాధికి చిక్కి, 1872లో మంచం పట్టాడు. అప్పటినుంచి ఇంటి కిటికీలోనుంచే దుర్భిణీతో పని చూసేవాడు. అప్పుడు ఆయన భార్య ఎమిలీ ముందుకు వచ్చింది. గణితం, లోహాల బలం, వేలాడే తాళ్ళ వంపులు అన్నీ నేర్చుకుని, భర్త చెప్పినది ఇంజనీర్లకూ, ఇంజనీర్ల ప్రశ్నలు భర్తకూ అందజేస్తూ పది ఏళ్ళకు పైగా ఆ పని నడిపించింది. వంతెన పూర్తయినప్పుడు మొట్టమొదట బండిలో దాని మీదుగా దాటినది ఆమెయే. విజయ చిహ్నంగా ఆమె ఒడిలో ఒక కోడిపుంజు ఉన్నది!

వంతెనను మోసే పెద్ద తాళ్ళు నాలుగు. ఒక్కొక్క దానిలో 5,434 ఉక్కుతీగలున్నాయి. గడ్డిపోచలను వెంటిగా పేనితే ఏనుగునైనా కట్టవచ్చునని మన పెద్దలంటారు. అక్కడ అది అక్షరాలా జరిగింది. వంతెన గట్టిది కాదని జనం భయపడుతూ ఉంటే, 1884లో బార్నం అనే సర్కసు యజమాని 21 ఏనుగులను దాని మీద నడిపించి చూపాడు. వంతెన కదలలేదు. ఈనాటికీ కదలలేదు.

గిరగిరా తిరిగి చూస్తే

ఇక అన్నిటికన్నా గుర్తుండే ఘట్టం చెబుతాను. మన్‌హాటన్ దక్షిణపు కొసన ప్రపంచ వాణిజ్య కేంద్రం పేరుతో రెండు జంట మేడలుండేవి. 1973లో ప్రారంభోత్సవం జరిగింది. ఒక్కొక్క దానికి 110 అంతస్తులు. ఒకటి 1,368 అడుగులు, మరొకటి 1,362 అడుగులు. ఎనభై అడుగుల కొబ్బరిచెట్లను ఒకదాని మీద ఒకటి పదిహేడు నిలబెడితే అంత ఎత్తు!

లెవిచ్ ఆ రెండు మేడల నడుమ ఖాళీస్థలంలో నిలబడి, చేతులు చాచి గిరగిరా తిరుగుతాడు. కళ్ళు తిరిగేదాకా తిరిగి, నేల మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తాడు. అప్పుడు ఆ మహామేడలు రెండూ తన మీదకు ఒరిగి పడుతున్నట్టు కనిపిస్తాయి. చంటిపిల్లవాడిలా ఆనందిస్తాడు.

మీరు ఒప్పులకుప్ప ఆడినప్పుడు కూడా ఇలాగే లోకం తిరుగుతుంది గదా! దానికి కారణం మన చెవిలోనే ఉన్నది. లోపలి చెవిలో మూడు చిన్న అర్ధచంద్రాకారపు గొట్టాలున్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. మనం తిరిగితే ఆ ద్రవం కూడా తిరుగుతుంది. మనం ఆగగానే అది ఆగదు. బిందెలో నీళ్ళను తిప్పి చెయ్యి తీసేసినా నీళ్ళు కొంతసేపు తిరుగుతాయి చూడండి, అలాగన్నమాట. ద్రవం తిరుగుతున్నంతసేపూ మెదడు మనమింకా తిరుగుతున్నామనే అనుకుంటుంది. కళ్ళను అటూ ఇటూ లాగుతుంది. అందుచేత కదలని మేడలు కదిలినట్టు తోస్తాయి. మీరు తిరిగి చూడదలిస్తే మెత్తని గడ్డి మీద తిరగండి. డాబాల మీద, నూతుల దగ్గర మాత్రం వద్దు.

ఈ ఘట్టం తీసినప్పుడు దర్శకుడికీ తెలియదు, గైడుకూ తెలియదు, ఆ మేడలకు మిగిలి ఉన్న కాలం ఎంత తక్కువో. 2001వ సంవత్సరం సెప్టెంబరు 11వ తేదీన ఉగ్రవాదులు విమానాలను బలవంతాన పట్టుకుని ఆ మేడలను గుద్దించారు. రెండూ ఆ ఉదయమే కూలిపోయాయి. ఆనాటి దాడులలో దాదాపు మూడు వేలమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

నేడు ఆ చిత్రం చూసేవారికి ఆ ఘట్టం రాగానే గుండె బరువెక్కుతుంది. మేడలు పడుతున్నట్టు ఆటగా చూసి నవ్వినవాడు అక్కడ ఉన్నాడు, మేడలు లేవు. అందులో దాగిన సంగతి ఒకటున్నది. ఆ మేడల కింద రోజూ వేలమంది నడిచిపోయారు. వారిలో ఎంతమంది ఆగి తల ఎత్తి చూశారు? అవి ఉండగా చూసినవాడికి అవి పోయినా మిగిలాయి. చూడనివాడికి అవి ఉన్నప్పుడూ లేనట్టే.

ఆ తరువాత 2003లో లింక్‌లేటర్ అనే దర్శకుడు లెవిచ్‌తో మరొక చిన్న చిత్రం తీశాడు. దాని పేరు వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. "శివుని నాట్యస్థలి నుంచి" అనే అర్థం వచ్చే పేరు! లయకారుడైన శివుడు నాట్యం చేస్తాడనీ, ఆ లయం తరువాత మళ్ళీ సృష్టి ఉన్నదనీ మన దేశంలో పుట్టిన భావన, అంత దూరాన, మేడలు కూలిన ఆ స్థలాన్ని తలచుకునే గైడుకు అక్కరకు వచ్చింది. ఆ స్థలంలో మళ్ళీ మేడలు కట్టవద్దు, పచ్చిక పెంచి అమెరికా అడవిదున్నలను స్వేచ్ఛగా మేయనివ్వండి అని ఆ చిత్రంలో అతను కోరాడు.

అడవిదున్నలు రాలేదు. కాని ఆ మాట బొత్తిగా వెర్రిమాట కూడా కాదు. 2011లో అక్కడ స్మారకం తెరిచారు. మేడలు నిలిచిన రెండు చోట్లా రెండు పెద్ద కొలనులు కట్టి, నీళ్ళు నాలుగువైపులనుంచీ లోపలికి జాలువారేటట్టు చేశారు. చుట్టూ చనిపోయినవారి పేర్లు చెక్కారు. 400కు పైగా చెట్లు నాటారు. పక్కన 1,776 అడుగుల కొత్త మేడ కట్టి 2014లో తెరిచారు. 1776 అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న సంవత్సరం. కొలనుల దగ్గర నిలబడినవారు నీటిని చూస్తారు, చెట్లను చూస్తారు, తల ఎత్తి ఆకాశాన్నీ చూస్తారు.

మీ ఊరికి గైడు ఎవరు?

లెవిచ్ చెప్పినవన్నీ ఒప్పుకోవాలని నేననను. వీధులు తిన్నగా ఉండటం నాకు తప్పుగా తోచలేదు. ఉద్యోగం, ఇల్లు, క్రమం అన్నీ వదిలి తిరగమని కూడా మీకు చెప్పను. కాని ఒక విషయంలో అతను మనకు గురువే. తన ఊరిని అతను గొప్పలు చెప్పుకోవటానికి ప్రేమించలేదు. తెలుసుకుని ప్రేమించాడు. గోడలోని మట్టి ఏమిటో, వంతెన ఎవరి కష్టమో, వీధికి ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసినకొద్దీ ప్రేమ పెరిగింది. ప్రేమ పెరిగినకొద్దీ ఇంకా తెలుసుకున్నాడు.

న్యూయార్కులో 2020 జనాభా లెక్కల ప్రకారం 88 లక్షలమంది ఉన్నారు. మీ ఊళ్ళో ఎనిమిది వందలమందే ఉండవచ్చు. అయినా అడగవలసిన ప్రశ్నలు అవే. మీ ఊరి చెరువును ఎవరు తవ్వించారు? దాని నీళ్ళు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతాయి? మీ వీధికి ఆ పేరెందుకు వచ్చింది? గుడి మెట్లకు వాడిన రాయి ఏ కొండది? రావిచెట్టు నాటినవారు ఎవరు? మీ బడి పశ్చిమపు కిటికీలోనుంచి చూస్తే సూర్యుడు ఏ నెలలో ఏ ఇంటి వెనక దిగుతాడు?

మీ తాతలను, నాయనమ్మలను అడగండి. వాళ్ళకు తెలిసినది ఒక నోటుబుక్కులో రాసుకోండి. సూర్యుడు అస్తమించే చోటును మాత్రం ఎవరినీ అడగనక్కరలేదు. నెలకొకసారి మీరే చూసి బొమ్మ గీసి, తేదీ వేయండి. ఏడాది గడిచేసరికి పన్నెండు బొమ్మలవుతాయి. ఈసారి మీ ఊరికి చుట్టం ఎవరైనా వస్తే, ఆ నోటుబుక్కు పుచ్చుకుని ఊరంతా తిప్పి చూపించండి. సూర్యుణ్ణి కూడా మరిచిపోకుండా చూపించండి!